ఒడ్డుకొచ్చే నాచు సంగతి ముందే తెలిసే దారి ఏటైనా ఉందా? సోనాపూర్, గోపాలపూర్, ఇచ్ఛాపురం వైపు వాళ్ళు చెప్పండి

సోనాపూర్_పడవ · ఆదివారం రాత్రి 9:40
అందరికీ నమస్తే. మాది సోనాపూర్, బాహుదా సముద్రంలో కలిసే చోట, అటు ఆంధ్రా ఇటు ఒడిశా, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా. మొన్న గురువారం తెల్లారగట్ల నాన్న, చిన్నాన్న, నేను వల లాగుతుంటే కవళ్ళు పడతాయనుకున్న చోట వల నిండా నాచే. గోధుమ రంగు, అంచులు రంపంలాగ ఉన్న చిన్న ఆకులు, మధ్యలో బఠాణీ గింజంత బుడగలు, నొక్కితే టప్పుమని పేలతన్నాయి. వల బరువెక్కిపోయి ముగ్గురం లాగినా రాలేదు, ఒక పక్క కోసీవలసొచ్చింది. ఆ వల సంక్రాంతికి కొన్నది, అప్పు ఇంకా తీరలేదు. ఆ రోజు డీజిల్ ఖర్చు కూడా రాలేదు.

నా బాధ వల గురించి ఒక్కటే కాదు. మాకు చేపలు ఎక్కడున్నాయో ఫోన్లో మెసేజ్ వస్తాది, తుఫానొస్తే నాలుగు రోజుల ముందే చెప్తారు. మరి ఇంత నాచు నీళ్ళ మీద తేలుకుంటూ వస్తుంటే పైనున్న శాటిలైట్ కి కనపడదా? ముందురోజు తెలిస్తే మేం ఇంకో పక్కకి పోదుం, లేపోతే పాత వల పట్టుకెళ్దుం. తెలిసినోళ్ళు చెప్పండి.

ఓడ_సోంపేట · రాత్రి 10:25
తమ్ముడూ, నేను ఓడల్లో థర్డ్ ఇంజినీర్ని, మాది సోంపేట దగ్గర. నువ్వు చెప్పిన బుడగల నాచు లాంటిదే నేను అట్లాంటిక్ లో చూసినాను, సర్గాసం అంటారు. బ్రెజిల్ దాటి కరేబియన్ వైపు పోతుంటే పొద్దున్న లేచి డెక్ మీదకొస్తే సముద్రం మీద పసుపు రంగు చారలు, ఒకదాని పక్కన ఒకటి, దున్నిన చేలో చాళ్ళ లాగ, కంటికి ఆనినంత దూరం. మధ్యాహ్నానికి ఇంజిన్ చల్లార్చే నీళ్ళు లాగే దగ్గర జాలీ మూసుకుపోయి టెంపరేచర్ అలారం కొట్టీసింది. రెండో వైపు జాలీకి మార్చి మొదటిది విప్పి కడిగేలోపు రెండోది మూసుకుపోయింది, ఆ ఒక్క డ్యూటీలో అలాగ మూడు సార్లు కడిగినాం.

అక్కడ ఇది 2011 నుంచీ మొదలయింది. అంతకు ముందు ఈ నాచు ఉత్తరాన సర్గాసో సముద్రం అనే చోట ఎక్కువగా ఉండేది, 2011 లో ఒక్కసారిగా కిందకి, ఆఫ్రికా నుంచి మెక్సికో దాకా ఒక పట్టీలాగ పరుచుకుంది. 2018 జూన్ లో ఆ పట్టీ పొడవు 8,850 కిలోమీటర్లు, బరువు 2 కోట్ల టన్నుల పైన అని అమెరికాలో సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు లెక్క కట్టినారు. 2025 మే లో 3.75 కోట్ల టన్నులకి పోయి పాత రికార్డులన్నీ దాటింది. వాళ్ళు ప్రతి నెలా ఒక బులెటిన్ వేస్తారు, ఈ నెల ఎంత ఉంది, వచ్చే నెల ఏ దీవి వైపు ఎక్కువ పోవచ్చు అని. ఓడలో మేం అది చూసుకునే జాలీలు రెడీ పెట్టుకుంటాం. కాబట్టి ముందే చెప్పడం కుదిరే పనే. మన దగ్గర అలాటిది ఉందా అంటే నాకు తెలీదు, చదువుకున్నోళ్ళు చెప్పాలి.

భంజబిహార్_కడలి · సోమవారం ఉదయం 7:12
సోనాపూర్ అన్నయ్యా, నేను బరంపురం యూనివర్సిటీలో సముద్ర శాస్త్రం పీజీ చేస్తున్నాను, ఊరు ఇచ్ఛాపురం. మీరు చెప్పిన బుడగలు, రంపపు అంచులు చూస్తే అది సర్గాసమే అయ్యుండాలి. కానీ ఓడన్నయ్య చెప్పిన అట్లాంటిక్ రకం, మనది ఒకటి కాదు, ఇది అర్థం చేసుకుంటేనే మిగతా లెక్క కుదురుతుంది. అక్కడివి రెండు రకాలు, నటాన్స్ అని ఫ్లూయిటాన్స్ అని, అవి పుట్టుక నుంచీ తేలుతూనే ఉంటాయి, ఒక్క రోజు కూడా రాయిని పట్టుకోవు, ముక్క విరిగితే ఆ ముక్కే ఇంకో మొక్క. మన వైపు సర్గాసం రాళ్ళని పట్టుకుని పెరుగుతుంది, విశాఖ, భీమిలి రాళ్ళ మీద బాగా ఉంటుంది. ముదిరినాక కెరటాల దెబ్బకి ఊడిపోయి బుడగలున్నాయి కాబట్టి మునగకుండా కొట్టుకొస్తుంది. అంటే మన దగ్గర నడి సముద్రంలో కోట్ల టన్నులు పెరిగే భయం లేదు. వచ్చేది గుంపులు గుంపులుగా, ఏడాదిలో కొన్ని వారాలు, కానీ వల పోయినోళ్ళకి అదే చాలా ఎక్కువ.

ఇంకో మాట, ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంబడి నీటి ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తిరగబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. ఇప్పుడు మార్చి. కాబట్టి మీ వలలో పడ్డది విశాఖ వైపు నుంచి వచ్చిందనే నా అనుమానం. ఒక రెమ్మ ఎండబెట్టి కాగితంలో చుట్టి ఉంచండి, నేను వచ్చి తీసుకుంటాను.

కవిటి_కొబ్బరి · ఉదయం 8:03
ఇది గుర్రపు డెక్క కాదు గదా? బాహుదాకి వరద పోయినప్పుడు డొంకూరు వైపు ఒడ్డంతా పచ్చగా దుప్పటి పరిచినట్టు ఉంటాది, పడవ దించడానికి దారుండదు. దాన్ని కూడా మావోళ్ళు నాచు వచ్చీసిందనే అంటారు.
ఇంకోటి, మీ గోధుమ నాచు కొబ్బరి మొక్కల మొదట్లో వెయ్యొచ్చా? ఎరువు రేటు చూస్తున్నారు గదా.

భంజబిహార్_కడలి · ఉదయం 8:31
కవిటి బాబాయ్, మంచి మాట అడిగారు. గుర్రపు డెక్క మంచినీటి మొక్క, చెరువుల్లోంచి, ఏటి గుంటల్లోంచి వరద తోసుకొస్తే సముద్రంలో పడి ఉప్పుకి చచ్చిపోతుంది. దాన్ని ముందే చెప్పాలంటే శాటిలైట్ అక్కర్లేదు, ఏటి పైన వాన ఎంత పడింది, నీళ్ళు ఎప్పుడు దిగుతాయి అన్నది చూస్తే చాలు. మూడోది ఇంకోటుంది, నీళ్ళే రంగు మారడం. 2005 ఏప్రిల్ లో గంజాంలో రుషికుల్య నది కలిసే చోట సముద్రం ఎర్రబడింది, అది నాక్టిలూకా అనే సూక్ష్మజీవి. అది వలకి తగులుకోదు, రాత్రి కదిలిస్తే నీలంగా మెరుస్తుంది, కానీ అది చచ్చి కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి చేపలకి ఇబ్బంది. మూడింటినీ మనం నాచు, పాచి అని ఒకటే పేరుతో పిలుస్తాం, ఎవరైనా ఫోన్ చేసి నాచు వచ్చింది అంటే వినే వాళ్ళకి ఏది వచ్చిందో తెలీదు.

ఎరువు సంగతి తొందరపడకండి. ఉప్పు కడగాలి, పైగా సర్గాసం సముద్రంలోంచి ఆర్సెనిక్ పీల్చుకుంటుంది, కరేబియన్ లో పొలాలకి వేసే ముందు పరీక్ష చేయించమంటున్నది అందుకే. పశువులకి అసలు పెట్టొద్దు. తమిళనాడు మన్నార్ గల్ఫ్ వైపు దీన్ని ఏరి ఆల్జినేట్ అనే జిగురు పదార్థం తీసే ఫ్యాక్టరీలకి అమ్ముతారు, అది వేరే దారి.

బరంపురం_లెక్కల_మాస్టారు · ఉదయం 10:15
నేను రిటైరైన లెక్కల టీచర్ని. ఈ అమ్మాయి చెప్పింది పట్టుకుని కాగితం మీద ఒక చిన్న లెక్క వేశాను, అందరూ చూడండి.

భీమిలి రాళ్ళ నుంచి సోనాపూర్ కి సముద్రం మీద సుమారు 200 కిలోమీటర్లు. ప్రవాహం సెకనుకి అర మీటరు అనుకుందాం, ఈ కాలంలో అది పెద్ద వేగమేమీ కాదు, దీనికి రెట్టింపు కూడా ఉంటుంది. సెకనుకి అర మీటరంటే రోజుకి 43 కిలోమీటర్లు. అంటే నాలుగైదు రోజుల ప్రయాణం. గాలి కూడా నాచుని తోస్తుంది, కానీ అది నీళ్ళలోనే పడుకుని ఉంటుంది కాబట్టి గాలి వేగంలో 1 నుంచి 3 శాతం మాత్రమే దానికి అందుతుంది. సెకనుకి 7 మీటర్ల గాలి, 2 శాతం వేసుకుంటే రోజుకి ఇంకో 12 కిలోమీటర్లు. తమాషా ఏమిటంటే మోసుకొచ్చేది ప్రవాహమే అయినా ఒడ్డుకి ఎక్కించేది మాత్రం ఈ చిన్న 12 కిలోమీటర్లే, ఎందుకంటే ప్రవాహం తీరం వెంబడి పోతుంది, గాలి తీరం మీదకి కొడుతుంది. గాలి రెండు రోజులు ఇటు తిరక్కపోతే అదే నాచు మీ ఊరు దాటి పూరీ వైపు పోతుంది, మీకు తెలియనే తెలీదు.

కాబట్టి బాబూ, భీమిలి దగ్గర ఒకడు చూసి చెప్తే నీకు నాలుగు రోజుల టైముంది. శాటిలైట్ రెండో మాట, ముందు ఆ మనిషి కావాలి.

సోనాపూర్_పడవ · మధ్యాహ్నం 1:20
మాస్టారూ నాలుగు రోజులా? నేను ఒక్క రోజు దొరికినా చాలనుకున్నాను. మరి శాటిలైట్ ఎందుకు చెప్పట్లేదు అన్నది నాకింకా అర్థం కాలేదు, కడలి అప్పా, నువ్వే చెప్పాల.

భంజబిహార్_కడలి · మధ్యాహ్నం 2:45
చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది. మన కంటికి కనపడని ఒక వెలుతురు ఉంది, ఎరుపుకి అవతల ఉండేది. నీళ్ళు దాన్ని మింగేస్తాయి, ఆకు మాత్రం తిప్పి కొడుతుంది. అందుకే పైనుంచి ఆ వెలుతురులో ఫొటో తీస్తే సముద్రం నల్లగా, నాచు తెల్లగా మెరుస్తూ కనపడుతుంది. ఎరుపు, ఆ పైన రెండు రంగులు తీసుకుని తేడా చూసి ఒక అంకె కడతారు, తేలే నాచు సూచిక అంటారు, అట్లాంటిక్ పటాలన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

చిక్కెక్కడంటే, రోజూ తిరిగే శాటిలైట్ల మీదున్న మోడిస్ లాంటి కెమెరాకి ఫొటోలో ఒక చుక్క అంటే ఒక కిలోమీటరు. మైళ్ళ పొడవు చారలైతే దానికి అందుతాయి, మీ వల నింపిన గుంపు దానికి లెక్కలోకి రాదు. సెంటినెల్ 2 అని యూరప్ వాళ్ళది ఉంది, దానికి చుక్క 10 మీటర్లు, ఫొటోలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, కానీ అది రెండు శాటిలైట్లు కలిపి 5 రోజులకోసారి ఇటొస్తుంది, ఆ రోజు మబ్బుంటే అంతే. వానాకాలంలో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఒడ్డు దగ్గర ఏటి మట్టి కలిసిన నీళ్ళు, కెరటాల నురగ కూడా నాచు లాగే మోసం చేస్తాయి. అందుకే అమెరికా వాళ్ళు కూడా ఒక్క ఫొటో నమ్మరు, 7 రోజులవి కలిపి తీరానికి 50 కిలోమీటర్ల లోపల ఎంత ఉందో చూసి ముప్పు తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు మాటల్లో చెప్తారు. ఇన్ని గంటలకి మీ ఊరు అని వాళ్ళూ చెప్పరు.

మన దగ్గర సామాను లేక కాదు. 2022 నవంబర్ లో శ్రీహరికోట నుంచి పంపిన ఓషన్ శాట్ 3 సముద్రం రంగు చూడడానికే పుట్టింది. హైదరాబాద్ లో ఇన్కాయిస్ అని సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మీకు చేపల మెసేజ్ తయారయ్యేది అక్కడే, సూక్ష్మ పాచి గురించి వాళ్ళకి వేరే సర్వీసు కూడా ఉంది. గోపాలపూర్, పూరీ తీరాల్లో రేడార్లు పెట్టి నీటి పైపొర ఎటు పోతోందో గంట గంటకీ కొలుస్తారు. లేనిదల్లా ఒకటే, ఫలానా రోజు ఫలానా ఒడ్డుకి ఇంత నాచు వచ్చింది అని మన ఊళ్ళ నుంచి రాసిన పుస్తకం. అది లేకపోతే ఊహ సరిగ్గా పడిందో తప్పిందో ఎవరూ చెప్పలేరు.

ఓడ_సోంపేట · సాయంత్రం 4:10
కడలి చెల్లెమ్మ చెప్పిన ఇన్కాయిస్ వాళ్ళదే సరాత్ అని ఒకటుంది. మనిషి గానీ పడవ గానీ సముద్రంలో తప్పిపోతే ఎటు కొట్టుకుపోయి ఉంటారో గాలి, ప్రవాహం పెట్టి లెక్క కట్టి వెతికే చోటు చూపిస్తాది. నూనె తెట్టు ఎటు పోతాదో చెప్పేది కూడా ఉంది. మనిషికి కట్టిన లెక్క నాచుకి కట్టలేరా? గాలి ఎంత శాతం పట్టుకుంటాది అన్న అంకె ఒక్కటే మార్చాలి.

పలాస_బస్టాండ్ · సాయంత్రం 5:30
ఇదంతా అమెరికా బాధ. మనకి తుఫాన్లకే దిక్కు లేదు, ఎండు నాచు కోసం రేడార్లు, శాటిలైట్లు అంటే ఎవరు వింటారు. వల కోసీవలసొస్తే ఇంకో వల కొనుక్కోవాలి.

గోపాలపూర్_ఎండుచేప · సాయంత్రం 6:55
పలాస అన్నగారూ, మీకు ఒడ్డు లేదు కాబట్టి అలాగ అన్నారు. మా అమ్మ చేపలు ఎండబెట్టి బరంపురం సంతకి తీసుకెళ్తాది, నేను ఆవిడ మాటలే టైపు చేస్తున్నాను. మూడేళ్ళ కిందట మా వాడ దగ్గర ఇసక పల్లంలో నాచు గుట్ట పడింది, ఎవరూ తియ్యలేదు. నాలుగో రోజుకి కుళ్ళిన గుడ్డు వాసన. అమ్మకి తలపోటు, చిన్న మేనల్లుడికి కళ్ళ మంట. పక్కనే ఆరేసిన కవళ్ళకి ఆ వాసన పట్టీసి సంతలో ఒక్కరు ముట్టుకోలేదు, రెండు గంపలు తిరిగొచ్చాయి. అమ్మ కాళ్ళ వెండి పట్టీలు నల్లబడిపోతే ఎవరో దిష్టి పెట్టినారు అనుకున్నాం. ఒక ఆఫీసుకి పోయి చెప్తే తుఫానా, కాదు గదా, దానికి మా దగ్గర ఫారం లేదన్నారు. ఆ మాటకి అమ్మ ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

భంజబిహార్_కడలి · రాత్రి 7:40
అమ్మకి చెప్పండి, దిష్టి కాదు. నాచు ఒడ్డున పడి రెండు రోజులు దాటితే కుళ్ళడం మొదలై హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, వెండిని నల్లబరిచేది అదే. కరేబియన్ దీవుల్లో ఒడ్డు పక్కన ఇళ్ళల్లో ఫ్రిజ్ లు, ఏసీలు కూడా ఆ గ్యాస్ కి పాడైపోతున్నాయి. గుట్ట మీదకెక్కి తవ్వితే ఇంకా ఎక్కువ వస్తుంది, గాలి తగలని పల్లంలో పిల్లల్ని అసలు నిలబెట్టొద్దు. 48 గంటల లోపల తీసేస్తే ఈ బాధ చాలా వరకు ఉండదు, ముందు తెలియడం ఎందుకు కావాలో ఇక్కడుంది.

బరంపురం_లెక్కల_మాస్టారు · రాత్రి 8:20
పలాస తమ్ముడికి ఒక మాట. 1999 అక్టోబర్ తుఫానుకి మన ఒడిశాలో సుమారు పది వేల మంది పోయారు. 2013 అక్టోబర్ 12 న ఫైలిన్ తుఫాను ఈ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, ముందే చెప్పి లక్షల మందిని తరలించారు కాబట్టి పోయిన వాళ్ళని పదుల్లోనే లెక్కపెట్టాం. ఆ మధ్య 14 ఏళ్ళలో ఎవరో కూర్చుని ఒక్కో తుఫాను దారి రాసుకుని తప్పులు దిద్దుకున్నారు. మొదటి రోజు దానికీ ఫారం ఉండి ఉండదు.

రుషికుల్య_తాబేలు · రాత్రి 9:05
నేను రుషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లు కాపలా కాసే కుర్రాళ్ళలో ఒకణ్ణి. నాచు తీసేటప్పుడు దయచేసి జేసీబీ దింపొద్దు. ఫిబ్రవరి, మార్చిల్లో పెట్టిన గుడ్లు ఇసకలో ఒకటిన్నర అడుగు లోతునే ఉంటాయి, 45 నుంచి 60 రోజులకి పొదుగుతాయి, బండి చక్రం ఎక్కితే ఇసక గట్టిపడి పిల్ల పైకి రాలేదు. అలాగని నాచు గుట్ట వదిలేసినా పుట్టిన పిల్ల దాన్ని ఎక్కి దిగేలోపు కాకులు తన్నుకుపోతాయి. నడి సముద్రంలో మాత్రం అదే నాచు పిల్లలకి ఇల్లు లాంటిది, దాని నీడలోనే బతుకుతాయి. అందుకని తేలేటప్పుడే వలేసి మొత్తం ఎత్తీద్దాం అని ఎవరైనా అంటే కూడా ఒప్పుకోకండి. దంతెలతో, చేత్తో, పగటి పూట, పైపైన తీస్తే మేం పది మంది వస్తాం.

సోనాపూర్_పడవ · మంగళవారం ఉదయం 5:50
రాత్రంతా చదివినాను. మేం రాస్తాం. ఏటి రాయాలో చెప్పండి, మా నాన్నకి అర్థం అయ్యేలాగ ఉండాల.

భంజబిహార్_కడలి · ఉదయం 7:30
ఎక్కువొద్దు అన్నయ్యా. తారీఖు, టైము, ఎక్కడ. గోధుమ బుడగల నాచా, గుర్రపు డెక్కా, నీళ్ళే రంగు మారాయా. ఎంత అన్నదానికి బస్తాలు చెప్పండి, టన్నులొద్దు. గాలి ఎటు నుంచి. ఒక ఫొటో, పక్కన చెప్పు గానీ తెడ్డు గానీ పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, నాచు లేని రోజు కూడా లేదు అని రాయాలి. అందరూ అది మర్చిపోతారు. ఖాళీ రోజు రాయకపోతే ఆ రోజు నాచు రాలేదో, మీరు సముద్రానికి వెళ్ళలేదో ఎవరికి తెలుస్తుంది?

బరంపురం_లెక్కల_మాస్టారు · ఉదయం 8:05
వేగం కూడా కావాలి. నాచు గుంపు కనపడితే ఇంజిన్ ఆపి దాని పక్కనే ఒక అరగంట ఉండండి, మొదట ఒకసారి చివర ఒకసారి ఫోన్లో జీపీఎస్ ఫొటో తియ్యండి. పడవకి గాలి ఎక్కువ తగిలి ముందుకి పోతుంది, తెడ్డేసుకుంటూ నాచుని వదలకుండా ఉండాలి. మిగతాది నాకు వదిలెయ్యండి.

సోనాపూర్_పడవ · శుక్రవారం ఉదయం 11:15
మాస్టారూ దొరికింది. పొద్దున్న 10 గంటలకి, ఒడ్డుకి రెండు కిలోమీటర్ల లోపల, గోధుమ నాచు, మా పడవ పొడవుకి నాలుగు రెట్లున్న చారలు ఆరో ఏడో. దక్షిణం గాలి. అరగంటకి 540 మీటర్లు ఈశాన్యానికి జరిగింది. మంగళ, బుధ, గురు మూడు రోజులూ లేదు, అది కూడా నోటు పుస్తకంలో నాన్నే రాసినాడు.

బరంపురం_లెక్కల_మాస్టారు · ఉదయం 11:50
గంటకి కిలోమీటరు చిల్లర. గోపాలపూర్ సుమారు 20 కిలోమీటర్లు. ఇదే వేగం, ఇదే గాలి ఉంటే రేపు తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతానికి గోపాలపూర్ ముందుకి రావాలి. ఎండుచేప అమ్మాయీ, మీ అమ్మగారిని రేపు ఆ పల్లం పక్కన చేపలు ఆరెయ్యొద్దని చెప్పు. తాబేలు కుర్రాళ్ళు దంతెలు సిద్ధం చేసుకోండి.

గోపాలపూర్_ఎండుచేప · శనివారం ఉదయం 6:20
నాలుగింటి నుంచీ అమ్మ, నేను, పిన్ని ఒడ్డునే ఉన్నాం. ఏటీ రాలేదు మాస్టారూ. గాలి కూడా ఒడ్డు నుంచి సముద్రం మీదకే ఉంది. అయినా గంపలు మేడ మీదకే ఎక్కించీసినాం.

గోపాలపూర్_ఎండుచేప · శనివారం మధ్యాహ్నం 12:05
వచ్చింది. పదకొండున్నరకి మొదటి చార ఒడ్డు తాకింది, గాలి సముద్రం నుంచి తిరిగిన గంటకి. ఇప్పటికి పద్దెనిమిది బస్తాలు ఎత్తినాం, ఇంకా వస్తాది. తాబేలు వాళ్ళు ఏడుగురు వచ్చారు. మీరు చెప్పినదానికి 7 గంటలు ఆలస్యం, అమ్మ గోడ మీద బొగ్గుతో రాయించింది.

బరంపురం_లెక్కల_మాస్టారు · మధ్యాహ్నం 12:30
రాత్రి గాలి నేల మీద నుంచి సముద్రానికి తిరుగుతుందని నేను లెక్కలో వెయ్యలేదు, పగటి గాలినే రాత్రికీ వాడేశాను. ఆ 7 గంటలు అక్కడే పోయాయనుకుంటాను. ఈసారి పగలు ఒక అంకె, రాత్రి ఒక అంకె వేస్తాను. భీమిలి, కళింగపట్నం, బారువ వైపు ఒడ్డున ఉన్నోళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రోజూ పొద్దున్న ఒక్క లైను రాయండి, లేదు అని రాసినా సరే.

బారువ_గవ్వ · మధ్యాహ్నం 1:10
బారువ నుంచి. శనివారం, పొద్దున్న 6 గంటలు, నైరుతి గాలి, నాచు లేదు.